అక్కకు నీటికాసులు, తమ్ముళ్ళకు పరీక్షలు

మేం ముగ్గురం తోబుట్టువులం. అక్క కుప్పంలో, నేను మదనపల్లెలో, తమ్ముడు పుంగనూరులో. అక్క కళ్ళద్దాలు మార్చుకుందామని కంటాసుపత్రికి పోయింది. గోడమీది అక్షరాలు ఆఖరి వరుస దాకా చదివేసింది. అయినా డాక్టరమ్మ వదల్లేదు. కంట్లో చుక్కలు వేసి కూర్చోబెట్టి, లోపలి నరం చూసి, “అమ్మా, మీకు నీటికాసుల జబ్బు, అదే గ్లాకోమా, మొదలైంది. మీ తోడబుట్టినవాళ్ళు ఎంతమంది? ఎక్కడున్నా సరే, అందరినీ ఒకసారి కళ్ళు చూపించుకోమనండి” అంది. అట్లా అక్క పుణ్యమా అని తమ్ముళ్ళిద్దరం ఆసుపత్రి మెట్లెక్కాం.

ఇంటికొచ్చాక మనవరాలు ఫోన్‌లో ఏదో చదివి అడిగింది: “తాతా, ఆఫ్రికా మూలాలున్నవాళ్ళకు గ్లాకోమా తొందరగా ముదురుతుందంట. ఎందుకు? మరి మన సంగతేంది?” మంచి ప్రశ్న. ‘వాళ్ళ రక్తంలో ఉంది’ అని ఒక్క ముక్కలో చెప్పేస్తే పిల్లను తప్పుదారి పట్టించినట్టే. అందుకని ఆ జవాబును ఇక్కడ నిదానంగా చెబుతాను. పిల్లలూ, మీరూ వినండి.

కంటి ముందుభాగంలో, కార్నియా అనే అద్దంలాంటి పొర వెనక, ఎప్పుడూ ఒక పలచటి నీరు ఊరుతుంటుంది. కన్నీరు వేరు, ఇది వేరు. ఇది బయటికి కారదు. నిమిషానికి రెండు, రెండున్నర మైక్రోలీటర్లు ఊరుతుంది. రోజంతా కలిపినా ఒక టీస్పూను నిండదు. మన సీమలో చెరువుకట్ట మీద తిరిగినవాళ్ళకు మిగతాది తేలిగ్గా అర్థమవుతుంది. వంకలోంచి వచ్చిన నీళ్ళు తూములోంచి పోతుంటే కట్టకు ఏ బాధా లేదు. తూము నోరు తెరిచే ఉండి, లోపల ఏళ్ళ తరబడి పూడిక పేరుకుంటే, నీటిమట్టం ఎవరికీ తెలియకుండా పెరుగుతుంది. ఇది ఓపెన్ యాంగిల్ గ్లాకోమా. ఇంకో రకంలో తూము నోటికే పలక అడ్డం పడుతుంది. కంటిలో రంగుగా కనిపించే తెర ఉంది చూశారూ, ఐరిస్ అంటారు, అది ముందుకు జరిగి, నీరు బయటికి పోయే మూలను మూసేస్తుంది. ఇది యాంగిల్ క్లోజర్ గ్లాకోమా. ఈ రెండోది ఒక్కోసారి విరుచుకుపడుతుంది. కన్ను ఎర్రబడి, తల పగిలిపోయేంత నొప్పి, వాంతులు, దీపం చుట్టూ రంగుల వలయాలు. అట్లాంటప్పుడు తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాలి. అయితే మన దేశంలో ఈ రకం కూడా ఎక్కువమందిలో చప్పుడు లేకుండానే ముదురుతుంది.

లోపల పెరిగిన ఒత్తిడి దెబ్బ కంటి వెనకున్న నరానికి తగులుతుంది. అందులో పది పన్నెండు లక్షల సన్నటి పోగులుంటాయి. చూసిందంతా మెదడుకు మోసేది అవే. ఒక పోగు చచ్చిపోతే మళ్ళీ మొలవదు. మామూలుగా కంటిలోపలి ఒత్తిడి 10 నుంచి 21 మి.మీ. పాదరసం మధ్య ఉంటుంది. మనవాళ్ళు దీన్ని ‘కంటి బీపీ’ అంటారు. చేతికి కొలిచే బీపీకీ దీనికీ నేరుగా లంకె లేదు. ఒంటి బీపీ బాగానే ఉంది కదా అని కంటి సంగతి వదిలేయకూడదు. ఇంకో సంగతి కూడా ఉంది. ఒత్తిడి 21 లోపలే ఉన్నా కొందరి నరం దెబ్బతింటుంది. ఒత్తిడి ఒక్కటి కొలిచి ‘నీకేం లేదు’ అని పంపించేస్తే ఆ పరీక్ష సగమే అయినట్టు.

చూపు పోయేటప్పుడు నల్లమచ్చ కనబడుతుందని చాలామంది అనుకుంటారు. కనబడదు. ఖాళీ అయిన చోటును మెదడు చుట్టుపక్కల దృశ్యంతో పూడ్చేస్తుంది. ముందు పోయేది ఎక్కువగా పక్కచూపు. మదనపల్లె టమోటా యార్డులో తెల్లవారుజామున ట్రేలు దించుకునే మనిషికి ఎదురుగా ఉన్న కాయ నాణ్యత బ్రహ్మాండంగా కనబడుతుంది, పక్కనుంచి వెనక్కొచ్చే బండి మాత్రం కనబడదు. వయసైపోయింది, చూసుకోలేదు అని సర్దుకుంటాడు. ఆఖరి వరుస చదివిన మా అక్క కూడా ఇంట్లో గడపకు కాలు తగిలించుకుంటూనే ఉందంట. ఎవరూ పట్టించుకోలేదు.

ఇక మనవరాలి ప్రశ్న. అమెరికాలోని బాల్టిమోర్‌లో 40 ఏళ్ళు దాటినవాళ్ళను వాడవాడలా పరీక్షించి, 1991లో లెక్క బయటపెట్టారు. ఓపెన్ యాంగిల్ గ్లాకోమా తెల్లవాళ్ళకంటే నల్లజాతివాళ్ళలో నాలుగైదు రెట్లు ఎక్కువ. చెరకుతోటల్లో పనికి ఆఫ్రికా నుంచి బానిసలుగా తెచ్చినవాళ్ళ సంతతి ఉండే బార్బడోస్ ద్వీపంలో 40 దాటిన నల్లజాతివాళ్ళలో నూటికి ఏడుగురికి ఉన్నట్టు 1994లో తేలింది. వాళ్ళలో జబ్బు చిన్న వయసులోనే మొదలవుతుంది. చిన్న వయసులో మొదలైతే చూపు కరిగిపోవడానికి మిగిలిన ఆయుష్షు కూడా ఎక్కువ కదా. ఎక్కువమంది గుడ్డివాళ్ళు కావడానికి అదొక కారణం.

కానీ ‘వంశం’ అని ఒక చీటీ అంటించేస్తే దేన్ని కొలవాలో, దేన్ని మార్చాలో తెలీదు. ఆ చీటీ వెనక ఏముందో విప్పి చూపిన పని ఒకటుంది. నాకు చాలా ఇష్టమైన పరిశోధన. 1994లో అమెరికాలో మొదలైంది. కంటి ఒత్తిడి ఎక్కువగా ఉండి, నరం మాత్రం ఇంకా దెబ్బతినని 1,636 మందిని తీసుకున్నారు. సగం మందికి చుక్కల మందు, సగం మందిని మందు లేకుండా జాగ్రత్తగా గమనించడం. అయిదేళ్ళకు మందు వాడినవాళ్ళలో నూటికి 4.4 మందికి జబ్బు వచ్చింది, వాడనివాళ్ళలో 9.5. అందులోని ఆఫ్రికన్ అమెరికన్లను విడిగా, ఇంకొంచెం ఎక్కువకాలం చూస్తే మందు వాడినవాళ్ళలో 8.4, వాడనివాళ్ళలో 16.1. అంటే ప్రమాదం వాళ్ళకు ఎక్కువే, మందూ వాళ్ళకు అంతే గట్టిగా పనిచేసింది.

అసలు విశేషం ఆ తర్వాత. ఎవరెవరికి జబ్బు వచ్చిందో వెనక్కి పోయి చూస్తే రెండు సంగతులు పైకి తేలాయి. ఒకటి, కార్నియా మందం. పల్చని కార్నియా ఉన్నవాళ్ళకు ప్రమాదం ఎక్కువ, ఆఫ్రికన్ అమెరికన్ల కార్నియాలు సగటున పల్చన. పల్చని కార్నియా మీద కొలిస్తే లోపలి ఒత్తిడి ఉన్నదానికంటే తక్కువగా చూపిస్తుంది. జబ్బు లోపల నడుస్తుంటే కొలత ‘ఫరవాలేదు’ అంటుంది. రెండోది, నరం తల మధ్యలో ఉండే గుంట. దాన్ని కప్పు అంటారు. అది మొదటినుంచే పెద్దగా ఉన్నవాళ్ళకు ప్రమాదం ఎక్కువ. వయసు, ఒత్తిడితోపాటు ఈ రెంటినీ కూడా లెక్కలోకి తీసుకున్నాక, ‘నల్లజాతి’ అన్న గుర్తు విడిగా చెప్పేదేమీ మిగల్లేదు! చూశారా పిల్లలూ, జాతి పేరుతో పిలిచిన ప్రమాదంలో పెద్ద భాగం కార్నియా మీద స్కేలు పెట్టి కొలవగలిగిన సంగతి. కొలవగలిగితే ఎవరికైనా కొలవొచ్చు. కుప్పంలో అవ్వకైనా సరే.

చీటీ వెనక జన్యువులు లేవని కాదు. ఫిలడెల్ఫియాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వైద్యులు జోన్ ఓబ్రయన్ నాయకత్వంలో పదివేలమందికి పైగా ఆఫ్రికన్ అమెరికన్లను చేర్చుకుని, ఎవరి జన్యువుల్లో ఏముంది, ఎవరి జబ్బు ఎట్లా నడిచింది అని చూస్తున్నారు. అంతకు ముందు ఇట్లాంటి జన్యు పరిశోధనలన్నీ ఎక్కువగా యూరప్ వాళ్ళ మీద, తూర్పు ఆసియా వాళ్ళ మీదే జరిగాయి. ఎవరికి జబ్బు ఎక్కువో వాళ్ళనే పక్కన పెట్టి ఇన్నాళ్ళు గడిపారంటే బాధేస్తుంది. ఇంకా డాక్టరు దూరం కావడం, మందుల ఖర్చు, బీమా లేకపోవడం, వైద్యుడి మీద నమ్మకం పోయేలా సాగిన చరిత్ర, ఇవన్నీ ఆ చీటీ వెనకే ఉన్నాయి. ఆలస్యంగా వచ్చినవాళ్ళ నరంలో మిగిలిన పోగులు తక్కువ. మిగిలినవి తక్కువైతే ఇంకో చిన్న నష్టం కూడా పెద్ద దెబ్బే.

జబ్బు ఒకసారి మొదలైతే ఎంత వేగంగా నడుస్తుందో నిర్ణయించేది ఎక్కువగా ఒత్తిడే. స్వీడన్‌లోని మాల్మోలో 255 మందిమీద ఏళ్ళపాటు చేసిన పరిశీలనలో ఒత్తిడిని నాలుగోవంతు తగ్గిస్తే జబ్బు ముదిరే ప్రమాదం దాదాపు సగానికి పడిపోయింది. ఒక్క మి.మీ. తగ్గినా ప్రమాదం నూటికి పది పాళ్ళు తగ్గుతుందని వాళ్ళ లెక్క. 18 ఉన్నది 17 అయితే ఏమొచ్చిందిలే అనుకోకండి. ఆ ఒక్కటి కూడా లాభమే.

సరే, బాల్టిమోర్, మాల్మో అట్లుంచి మన దగ్గరికొద్దాం. కుప్పంలో రైలెక్కి జోలార్‌పేట మీదుగా పోతే కాట్పాడి, దిగితే వేలూరు. మన పడమటి మండలాలవాళ్ళకు పెద్ద జబ్బంటే గుర్తొచ్చేది ఆ ఊరే. 1990ల మధ్యలో అక్కడి క్రిస్టియన్ మెడికల్ కాలేజీ కంటి వైద్యులు పట్నంలో 30 నుంచి 60 ఏళ్ళ మధ్యవాళ్ళను 972 మందిని పరీక్షించారు. ఓపెన్ యాంగిల్ జబ్బు నూటికి అరమందికి కూడా లేదు, మూల మూసుకునే జబ్బు మాత్రం నూటికి నలుగురికి పైగా కనబడింది. తర్వాత మధురై వైపు, చెన్నై వైపు జరిగిన సర్వేల్లో మూల మూసుకునేది ఇంత ఎక్కువగా రాలేదు. దేన్ని జబ్బనాలి అన్న నిర్వచనాలు మధ్యలో మారాయి కూడా. కానీ ఆఫ్రికా సంతతివాళ్ళతో పోలిస్తే మన కళ్ళలో ఈ మూల సమస్య పెద్దదన్నది మాత్రం అన్నిచోట్లా నిలిచింది.

వేలూరువాళ్ళు చేసిన గొప్ప పని ఏమంటే, అయిదేళ్ళ తర్వాత మళ్ళీ అదే మనుషులను వెతుక్కుంటూ పోయారు. మూల ఇరుకుగా మాత్రమే ఉండి మరే తేడా లేనివాళ్ళు 50 మంది దొరికితే, వాళ్ళలో 11 మందికి ఆ మూల నిజంగా మూసుకోవడం మొదలైంది. అప్పటికే మూసుకుంటున్నవాళ్ళు 28 మందిలో 8 మందికి నరం దెబ్బతిని పూర్తి గ్లాకోమా అయింది. ఆ 28 మందికీ లేజర్‌తో ఐరిస్‌లో సన్నటి రంధ్రం చేస్తామని డాక్టర్లు ముందే చెప్పారు. చేయించుకున్నవాళ్ళు 9 మంది, వాళ్ళలో ముదిరింది ఒకరికి. వద్దన్నవాళ్ళు 19 మంది, వాళ్ళలో ముదిరింది ఏడుగురికి. చిన్న సంఖ్యలే, నాకు తెలుసు. కానీ ఇవి బాల్టిమోర్ సంఖ్యలు కావు. మన పక్కింటివాళ్ళవి.

లేజర్ అనగానే మా అక్క భయపడింది. కన్ను కోస్తారేమోనని. కోత ఉండదు. చుక్కలు వేసి, కంటికి చిన్న అద్దం ఆనించి, కూర్చోబెట్టే చేస్తారు. కొన్ని నిమిషాల పని, ఆ రోజే ఇంటికి రావచ్చు. అయితే మూల ఇరుకుగా ఉన్న ప్రతివాళ్ళకూ లేజర్ అవసరం లేదని చైనాలోని గ్వాంగ్‌జౌలో జరిగిన పెద్ద పరిశోధన తర్వాత తేల్చింది. ఎవరికి కావాలో మూలను అద్దంతో చూసిన డాక్టరు చెప్పాలి. ఆ పరీక్ష పేరు గోనియోస్కోపీ. ‘నాకు మూల చూశారా డాక్టరుగారూ?’ అని అడగడం మన హక్కు. మూల చూడకుండా ఏ రకం నీటికాసులో తెలీదు, రకం తెలీకుండా దారి తెలీదు.

హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థవాళ్ళు 1990ల చివర్లో చేసిన ఆంధ్రప్రదేశ్ నేత్ర సర్వేలో ఇంకో సంగతి బయటపడింది. ఓపెన్ యాంగిల్ జబ్బు ఉన్నవాళ్ళలో నూటికి 90 మందికి పైగా తమకు ఆ జబ్బు ఉన్నట్టే తెలీదు. చెన్నై చుట్టుపక్కల పల్లెల్లో అయితే నూటికి 98 మందికి. ముదిరే వేగం గురించి ఇంత మాట్లాడుకుంటున్నాం గానీ, మన దగ్గర వేగం పెంచే మొదటి కారణం ఇదే. జబ్బు ఉందని తెలియనివాడు చుక్కలు ఎట్లా వేసుకుంటాడు?

మా తమ్ముడి కథ వేరే. వాడు పుంగనూరు ఆవులు రెండు పెట్టుకున్నాడు. మూడడుగుల పొట్టి ఆవులు, వాటి మీద ప్రాణం వాడికి. గడ్డి దుమ్ముకు కళ్ళు దురదపెడుతుంటే ఒక మందుల షాపులో చుక్కల సీసా కొనుక్కుని వేసుకుంటున్నాడు. వేస్తే చల్లగా, ఎర్రదనం పోయి హాయిగా ఉంటుందంట. సీసా అయిపోతే చీటీ లేకుండానే ఇంకోటి. పరీక్షలో వాడి ఒత్తిడి అందరికంటే ఎక్కువొచ్చింది. డాక్టరు ఒకటే అడిగాడు: “కంట్లో ఏం వేసుకుంటున్నావో ఆ సీసా తీసుకురా.” తెస్తే, దాని మీద డెక్సామెథసోన్ అని ఉంది. స్టెరాయిడ్. కంట్లో స్టెరాయిడ్ చుక్కలు ఎక్కువరోజులు వేసుకుంటే కొందరికి నీరు పోయే దారి బిగుసుకుపోతుంది. ఇంట్లో నీటికాసులు ఉన్నవాళ్ళకు ఇట్లా జరిగే అవకాశం ఇంకా ఎక్కువ. ఆపించి, వేరే మందిచ్చారు. కొన్ని వారాల్లో ఒత్తిడి దిగింది. అదృష్టం, నరం దెబ్బతినకముందే దొరికింది. దెబ్బతిని ఉంటే స్టెరాయిడ్ ఆపినా పోయిన చూపు వచ్చేది కాదు.

అందుకని ఇంట్లో ఉన్న చుక్కల సీసాలన్నీ ఒకసారి బయటికి తీసి పేర్లు చదవండి. డెక్సామెథసోన్, బెటామెథసోన్, ప్రెడ్నిసొలోన్ అన్న మాటలు కనబడితే, డాక్టరు ఎన్ని రోజులకు రాశాడో చూడండి. శుక్లాల ఆపరేషన్ తర్వాత ఇవి కొన్ని వారాలు కావాలి, అది వేరే సంగతి, సొంతంగా ఆపేయకండి. ఎండాకాలం రాగానే కళ్ళు నలుపుకునే పిల్లలకు పాత సీసా వేసే తల్లులు ఈ మాట మరీ వినాలి. పదేళ్ళ పిల్లాడికి స్టెరాయిడ్ వల్ల చూపు పోవడం కంటే ఘోరం ఏముంటుంది! మోకాళ్ళ నొప్పులకనీ ఆయాసానికనీ పేరులేని పొడులు అమ్ముతుంటారు. వాటిలోనూ స్టెరాయిడ్ కలిపి ఉండొచ్చు.

వేగం పెంచేవి ఇంకా ఉన్నాయి. దూరపుచూపు సరిగా లేక మైనస్ అద్దాలు ఎక్కువ పవర్ వాడేవాళ్ళు, వయసు మళ్ళినవాళ్ళు, నరం అంచున సన్నగా నెత్తురు చిమ్మినట్టు డాక్టరుకు కనబడినవాళ్ళు, వీళ్ళను తరచుగా చూడాలి. కొందరికి కంటి లెన్సు మీద బూడిదలాంటి తెల్లటి పొట్టు పేరుకుంటుంది. ఎక్స్‌ఫోలియేషన్ అంటారు. అది ఉన్న కంట్లో గ్లాకోమా తొందరగా ముదురుతుంది. ఎండలో పనిచేసేవాళ్ళలో అది ఎక్కువని మన ఆంధ్రప్రదేశ్ సర్వేలోనే తేలింది. వేరుశనగ చేలల్లో జీవితమంతా గడిపిన పెద్దాయన అయితే ఆ పొట్టు కోసం ప్రత్యేకంగా చూడాలి.

బార్బడోస్‌వాళ్ళు ఇంకో సంగతి పట్టుకున్నారు. కంటిలోకి నెత్తురును తోసే బలం తగ్గినవాళ్ళకు ప్రమాదం ఎక్కువ. రాత్రి నిద్రలో అందరికీ బీపీ కొంచెం దిగుతుంది. పడుకోబోయే ముందు బీపీ మాత్ర వేసుకుంటే కొందరికి మరీ దిగిపోయి, నరానికి చాలినంత నెత్తురు అందకపోవచ్చు. దయచేసి ఇది చదివి బీపీ మాత్ర మానేయకండి. ఏ మాత్ర ఎన్ని గంటలకు వేసుకుంటున్నారో కంటి డాక్టరుకు చెప్పండి, అవసరమైతే ఆయనా మీ బీపీ డాక్టరూ మాట్లాడుకుంటారు. నిద్రలో గురక మధ్య ఊపిరి ఆగేవాళ్ళు అది కూడా చెప్పాలి. శీర్షాసనం వేసేటప్పుడు కంటి ఒత్తిడి రెండింతలవుతుందని చెన్నైలోనే కొలిచి చూశారు. జబ్బున్నవాళ్ళు మిగతా ఆసనాలు వేసుకోండి, తలకిందులుగా నిలబడేది వదిలేయండి. పొలం నుంచి వచ్చి లీటరు చెంబు ఒక్క గుక్కలో ఎత్తిపోసుకోవడం కూడా కాసేపు ఒత్తిడి పెంచుతుంది. అదే నీళ్ళు నిదానంగా తాగితే సరిపోతుంది.

చుక్కల మందు గురించి కొంచెం ఎక్కువసేపు చెబుతాను, ఎందుకంటే అక్కడే చూపు నిలబడేదీ పోయేదీ. మా అక్కకు మొదటివారం నేనే దగ్గరుండి వేశాను. చేతులు కడుక్కో. తల వెనక్కి వాల్చు. కిందిరెప్పను వేలితో కొంచెం లాగితే చిన్న సంచిలా ఏర్పడుతుంది. సీసా మొన కంటికి తగలకుండా ఒక్క చుక్క అందులో పడాలి. రెండో చుక్క దండగ, కంటిలో అంత చోటు లేదు. ఇప్పుడు కళ్ళు మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలను వేలితో రెండు నిమిషాలు మెల్లగా నొక్కి పట్టుకో. అక్కడ ముక్కులోకి పోయే సన్నటి దారి ఉంది. నొక్కకపోతే మందు అందులోంచి జారి గొంతులోకి దిగుతుంది, నాలుక చేదెక్కుతుంది, కంటికి దక్కేది తగ్గుతుంది. పైగా అది ఒంట్లోకి పోతుంది. టిమొలాల్ అనే చుక్కలు ఒంట్లోకి పోతే ఆయాసం ఉన్నవాళ్ళకు ఊపిరి బిగుసుకోవచ్చు, గుండె కొట్టుకునే వేగం తగ్గవచ్చు. ఉబ్బసం, గుండెజబ్బు ఉంటే రాసేముందే డాక్టరుకు చెప్పాలి. రెండు రకాల చుక్కలుంటే మధ్యలో అయిదు నిమిషాలు ఆగాలి. అక్క చెయ్యి వణుకుతుంది కాబట్టి ఇప్పుడు పక్కింటి పిల్ల వచ్చి వేసి పోతోంది.

కష్టమంతా ఏమంటే, ఈ మందు వేసుకుంటే బాగున్నట్టు ఏమీ అనిపించదు. చూపు పెరగదు. మంట కూడా పుట్టొచ్చు. వేసుకోకపోతే ఆ రోజు ఏమీ కాదు. అందుకే నాలుగైదు నెలలకు మానేస్తారు. మా మదనపల్లెకు ఈ పాఠం కొత్తది కాదు. ఊరి పక్కన ఆరోగ్యవరంలో క్షయ ఆసుపత్రి 1915లో మొదలైంది, డెన్మార్క్ నుంచి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమాట్ మోలర్ చేతుల మీదుగా. 1948లో దేశంలో బీసీజీ టీకా మొదలైంది కూడా మదనపల్లెలోనే. 1950 నుంచి 1955 దాకా ఈ చుట్టుపక్కల పల్లెజనాన్ని వదలకుండా వెంబడించి క్షయ ఎట్లా నడుస్తుందో రాసిపెట్టారు. దగ్గు తగ్గిందని మందు ఆపేస్తే క్షయ తిరగబెడుతుందని ఈ నేలమీద పెద్దవాళ్ళకందరికీ తెలుసు. క్షయకు కొన్నాళ్ళకు మందు అయిపోతుంది, నీటికాసులకు జీవితమంతా. తేడా అంతే. చుక్కలు పడనివాళ్ళకు, రోజూ వేసుకోలేనివాళ్ళకు ఓపెన్ యాంగిల్ రకంలో ఇంకో రకం లేజర్ ఉంది. కరీబియన్‌లోని సెయింట్ లూషియా, డొమినికా ద్వీపాల్లో ఆఫ్రికా సంతతివాళ్ళకు అది బాగా పనిచేసింది. చాలకపోతే ఆపరేషన్ ఉంది. అడగండి, దారులున్నాయి.

మనవరాలు ఇంకోటి కూడా అడిగింది, ముదురుతోందని ఎట్లా తెలుస్తుంది అని. దానికి ఫీల్డ్ టెస్ట్ చేస్తారు. నాకూ చేశారు. చీకటిగదిలో గిన్నెలాంటి తెల్లటి తెర ముందు గడ్డం ఆనించి, ఒక కన్ను మూసి కూర్చోబెట్టారు. నట్టనడుమ చిన్న దీపం, దాన్నే చూస్తుండాలి. పక్కల్లో ఎక్కడో ఒక చుక్క వెలుగు మెరుస్తుంది, కనబడితే చేతిలో మీట నొక్కాలి. కొన్ని చాలా మసక. మంచి కళ్ళున్నవాళ్ళకు కూడా సగం దాకా కనబడవు, యంత్రం కావాలనే అంత మసకగా చూపిస్తుంది. ఇది తెలీక జనం తమ చూపు పోయిందని హడలిపోతారు, లేదా ఫెయిలవుతామేమోనని కనబడకపోయినా నొక్కేస్తారు. నొక్కకండి. మొదటిసారి ఎవరికీ సరిగా రాదు, అందుకే మళ్ళీ చేస్తారు. మూడు నాలుగు ఫీల్డులు పక్కపక్కన పెట్టి చూస్తే తప్ప జబ్బు నడుస్తోందా, నిలబడిందా అన్నది తేలదు.

తోడబుట్టినవాళ్ళ మాట డాక్టరమ్మ ఊరికే అనలేదు. నెదర్లాండ్స్‌లోని రాటర్‌డామ్‌లో చూస్తే, నీటికాసులున్నవాళ్ళ రక్తసంబంధీకులకు జీవితకాలంలో ఆ జబ్బు వచ్చే అవకాశం మామూలు కుటుంబాలకంటే తొమ్మిది రెట్లుంది. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు, పిల్లలు, 40 దాటినవాళ్ళందరూ ఒకసారి చూపించుకోవాలి. మేనరికాలు ఎక్కువున్న మన సీమలో ఇంకో మాట. పుట్టుకతో వచ్చే నీటికాసులు ఆంధ్రప్రదేశ్‌లో సుమారు 3,300 కాన్పులకు ఒకటని లెక్కగట్టారు. పాశ్చాత్య దేశాలకంటే చాలా ఎక్కువ. పసిబిడ్డ కళ్ళు మరీ పెద్దవిగా ఉండి, నీళ్ళు కారుతూ, వెలుతురు చూడలేక మొహం తిప్పుకుంటుంటే ‘కళ్ళు ఎంత బాగున్నాయో’ అని మురిసిపోకుండా ఆ వారమే కంటి డాక్టరుకు చూపించండి. పసివాళ్ళకు ఆపరేషన్ ఎంత తొందరగా జరిగితే చూపు అంత దక్కుతుంది.

కుప్పంలో మెడికల్ కాలేజీ ఆసుపత్రి ఉంది, తిరుపతిలో అరవింద్ ఉంది, రైలెక్కితే వేలూరు, బెంగళూరు. ఎక్కడికి పోయినా ఒక ఫైలు వెంట పెట్టుకోండి. అందులో మొదటి ఫీల్డ్ టెస్ట్ కాగితం, నరం ఫొటో, కార్నియా మందం ఎంతో ఆ సంఖ్య, మూల తెరిచుందో ఇరుకో, మందు మొదలుపెట్టకముందు ఒత్తిడి ఎంతో, ఇవన్నీ ఉండాలి. ఆసుపత్రి మారిన ప్రతిసారీ కొత్త డాక్టరు కొత్తగా మొదలుపెడితే, రెండేళ్ళ కింద మీ కన్ను ఎట్లుందో చెప్పేవాళ్ళెవరూ ఉండరు. మా అక్క ఫైలు మీద పెద్ద అక్షరాలతో ‘కన్ను’ అని రాసి, పింఛను కాగితాల పక్కన బీరువాలో పెట్టాం. లోపల మొదటి పేజీలో మా ముగ్గురి ఒత్తిళ్ళూ, కార్నియా మందాలూ ఒకే పట్టికలో రాసి ఉన్నాయి. మా పిల్లలకు 40 వచ్చినప్పుడు వాళ్ళ డాక్టరు ముందుగా అడిగేది అదే.